చెట్టు పోస్టులో వస్తుందా?

అమెరికాలో కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్ళు ఫర్నిచర్ గొడవ, కర్టెన్ల గొడవ అయిపోయాక అడిగే ప్రశ్న ఒకటుంది. "పెరట్లో నాలుగు పళ్ళ చెట్లు వేద్దామనుకుంటున్నాం, ఎక్కడ కొంటే మంచిది? ఊళ్ళో నర్సరీలోనా, ఆన్‌లైన్లోనా?" దీనికి ఆఫీసు లంచ్ రూముల్లో రెండు పార్టీలున్నాయి. కళ్ళతో చూసి, కొమ్మ పట్టుకుని, ఆకు తిప్పి చూడకుండా చెట్టు ఎలా కొంటావని ఒక పార్టీ. ఊళ్ళో షాపులో ఉండేవి నాలుగు రకాలేగా, ఆన్‌లైన్లో అయితే నాలుగొందలు అని రెండో పార్టీ.

నాకు రెండు వైపులా కొంత న్యాయం కనిపిస్తుంది. అసలు ఈ తగవు ఎప్పుడు మొదలైందా అని చదవడం మొదలుపెడితే, అది అమెరికా పుట్టక ముందు నుంచీ ఉందని తెలిసింది.

న్యూయార్క్ పక్కన ఫ్లషింగ్ అనే ఊరుంది. మనవాళ్ళకి గణేశుడి గుడి వల్ల తెలిసిన ఫ్లషింగే. అక్కడ 1730ల్లో ప్రిన్స్ అనే కుటుంబం ఒక నర్సరీ పెట్టింది. 1771 నాటికి వాళ్ళు తమ దగ్గరున్న పళ్ళ మొక్కల జాబితాని ఒక కాగితం మీద అచ్చువేసి పంచారు. దాన్ని చూసి ఉత్తరం రాస్తే మొక్కలు కట్ట కట్టి పడవలో పంపేవాళ్ళు. జార్జ్ వాషింగ్టన్ అధ్యక్షుడయ్యాక 1789 అక్టోబర్లో ఆ నర్సరీ చూడ్డానికి స్వయంగా పడవెక్కి వెళ్ళాడు. ఊహించుకున్నంత గొప్పగా లేదని డైరీలో రాసుకున్నాడు. రెండేళ్ళ తరవాత జెఫర్సన్ అదే నర్సరీకి వెళ్ళి, వర్జీనియాలో ఉన్న తన ఎస్టేటుకి షుగర్ మేపుల్ మొక్కలు పంపమని ఆర్డరిచ్చాడు. చెరకు పంచదార వెనక బానిసల కష్టం ఉంది కాబట్టి చెట్టు నుంచే పంచదార తీద్దామన్నది అప్పట్లో కొందరి ఆశ. (సొంత ఎస్టేటులో బానిసల్ని పెట్టుకున్న మనిషికి ఈ ఆశ ఏమిటని మీకు అనిపిస్తే, నాకూ అనిపించింది.) మొక్కలు భద్రంగానే చేరాయి. కానీ చలిప్రాంతపు చెట్టు వర్జీనియా వేడికి ఇమడలేదు, ఆ తోట పైకి రాలేదు. అంటే లంచ్ రూములో రెండు పార్టీలు చెప్పే మాటలూ ఇద్దరు అధ్యక్షులకి అప్పుడే అనుభవమయ్యాయి. వెళ్ళి చూస్తే నిరాశ, తెప్పిస్తే వాతావరణం పడలేదు.

ఇంతకీ చెట్టు తెప్పించుకోవడం దేనికి, గింజ నాటుకుంటే పోదా? పోదు. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రాదని మన పల్లెటూళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. ఆపిల్ కూడా అంతే, ఇంకా ఘోరం. ఒక పండులో ఐదు గింజలుంటే ఐదూ ఐదు వేరే చెట్లు. చాలావాటి కాయలు పుల్లగానో వగరుగానో ఉంటాయి. మీకు ఫలానా పండే కావాలంటే ఆ చెట్టు కొమ్మ తెచ్చి అంటు కట్టాల్సిందే. మన భాషలో చెప్పాలంటే గింజ అనేది రాండమ్ నంబర్, అంటు అనేది కాపీ-పేస్ట్. నర్సరీ వ్యాపారం అంతా ఆ కాపీ అమ్ముకోవడమే.

గింజ పక్షం వాడు కూడా ఒకడు చరిత్రలో ఉన్నాడు. జానీ ఆపిల్‌సీడ్ అని ఇక్కడ పిల్లల పుస్తకాల్లో తలమీద గిన్నె పెట్టుకుని కనిపించేవాడు. అసలు పేరు జాన్ చాప్‌మన్ (1774-1845). పుస్తకాల్లో ఆయన దారిపొడుగునా గింజలు చల్లుకుంటూ పోతాడు గానీ నిజానికి గట్టి వ్యాపారి. ఒహాయో ప్రాంతానికి వలసజనం ఎటు రాబోతున్నారో ముందే ఊహించి, అక్కడ కంచె వేసి నర్సరీ పెంచి, జనం వచ్చేసరికి మొక్కలు సిద్ధంగా ఉంచేవాడు. ఆయనకి బేరాలెందుకుండేవంటే, ఒహాయో కంపెనీ కొన్ని భూముల్ని ఊరికే ఇస్తూ ఒక షరతు పెట్టింది. మూడేళ్ళలో 50 ఆపిల్ మొక్కలు, 20 పీచ్ మొక్కలు నాటి చూపించాలి. చెట్టు నాటినవాడు పారిపోడు కదా! చాప్‌మన్ మత విశ్వాసం ప్రకారం అంటు కట్టడం తప్పు కాబట్టి అన్నీ గింజ మొక్కలే అమ్మాడు. తినడానికి పనికిరాకపోయినా ఆ కాయల్ని పిండి సైడర్ చేసుకుని తాగేవాళ్ళు, అందుకని ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఊళ్ళో నర్సరీ అన్న మాటకి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. కొనేవాడికంటే ముందు నర్సరీయే ఊళ్ళోకి వచ్చేసింది.

మంచి అంటు మొక్క కావాలనుకున్నవాడు ఎంత తంటాలు పడ్డాడో తెలియాలంటే హెండర్సన్ లూయెలింగ్ కథ చదవాలి. అయోవా రాష్ట్రంలో సేలం అనే ఊళ్ళో నర్సరీ ఉండేది ఆయనకి. 1847లో ఒరెగాన్‌కి వలస బయల్దేరుతూ ఎద్దుబండిలో పెద్ద పెట్టెలు చేయించి, మట్టీ బొగ్గుపొడీ కలిపి నింపి, వాటిలో సుమారు 700 చిన్న మొక్కలు నాటాడు. వెంట భార్య, ఎనిమిది మంది పిల్లలు. రెండువేల మైళ్ళ దారి. తాగడానికే నీళ్ళు దొరకని చోట్ల కూడా రోజూ చెట్లకి నీళ్ళు పోశాడు. ఆ బండి బరువుకి ఎద్దులు చస్తాయి, వదిలెయ్యమని తోటివాళ్ళు పోరారు. వదల్లేదు. సుమారు సగం మొక్కలు బతికి మిల్‌వాకీ (విస్కాన్సిన్ ఊరు కాదు, ఒరెగాన్‌ది) చేరాయి. పసిఫిక్ తీరంలో ఆ మూలన అంటు కట్టిన పళ్ళ చెట్ల వ్యాపారం ఆ బండి నుంచే మొదలైంది. కాలిఫోర్నియాలో బంగారం హడావుడి మొదలయ్యాక శాన్ ఫ్రాన్సిస్కోలో ఆ ఆపిల్స్‌కి కళ్ళు తిరిగే ధరలు పలికాయి.

ఆయన తమ్ముడు సేథ్ కూడా తరవాత అక్కడికే వచ్చాడు. ఇప్పుడు మనం వేసవిలో డబ్బాలు డబ్బాలు కొనుక్కునే బింగ్ చెర్రీ 1875 ప్రాంతంలో ఆయన తోటలోనే తయారైంది. బింగ్ అంటే ఆ తోటలో పనిచేసే చైనా మేస్త్రీ, ఆ బింగ్ అన్న పేరే పండుకి పెట్టారు. అతను 1889లో కుటుంబాన్ని చూడ్డానికి చైనా వెళ్ళాడని, 1882 నాటి చైనీయుల నిషేధ చట్టం వల్ల మళ్ళీ అమెరికాలో అడుగు పెట్టలేకపోయాడని చెబుతారు. స్టాంపింగ్‌కి వెళ్ళి ఇరుక్కుపోయినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు కాబట్టి ఈ ముక్క ఇక్కడ రాయకుండా ఉండలేకపోయాను. చెర్రీ మాత్రం దేశమంతా తిరిగింది.

సరే, రైళ్ళొచ్చాక కథ మారింది. న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ అనే ఊళ్ళో 1840లో ఎల్వాంగర్ అనే జర్మన్, బారీ అనే ఐరిష్‌వాడు కలిసి నర్సరీ పెట్టారు. కాలవ మీద, తరవాత రైలు మీద దేశమంతటికీ మొక్కలు పంపి ప్రపంచంలోనే పెద్ద నర్సరీల్లో ఒకటయ్యారు. ఇక్కడే ఒక కొత్త జాతి పుట్టింది: ట్రీ ఏజెంట్. చేతిలో రంగు బొమ్మల పుస్తకం పట్టుకుని పల్లె పల్లె తిరిగేవాడు. ఒక్కో పేజీలో ఒక్కో పండు, పుచ్చకాయంత ఆపిల్, నోరూరించే ద్రాక్ష గుత్తి. రోచెస్టర్లో ఈ బొమ్మలు వేసి ఏజెంట్లకి అమ్మడమే ఒక పరిశ్రమ అయింది. రైతు బొమ్మ చూసి అడ్వాన్స్ ఇస్తాడు, వచ్చే ఋతువులో రైలు స్టేషన్లో కట్ట దిగుతుంది.

ఇందులో మెలిక మనవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. కట్టలో వచ్చేది ఆకులు లేని పుల్ల. ఏ పుల్లైనా ఒకటే. అది బొమ్మలో చూపించిన రకమా కాదా అన్నది కాపు వస్తే గానీ తెలీదు, కాపుకి ఐదారేళ్ళు. ప్రొడక్షన్లో ఐదారేళ్ళు నడిచాక బయటపడే బగ్ అన్నమాట! అప్పటికి ఆ ఏజెంట్ ఏ రాష్ట్రంలో ఉన్నాడో! అందుకే ఆ రోజుల్లో "ట్రీ పెడ్లర్" అన్న మాట తిట్టులాంటిది అయిపోయింది. ఈ విషయంలో నా ఓటు కళ్ళతో చూసే పార్టీకి పడదు. నర్సరీకి వెళ్ళి కొమ్మ పట్టుకుని చూసినా రకం ఏదో కళ్ళకి తెలీదు. కడియం వెళ్ళి మామిడి అంటు కొనేవాడు కూడా చెట్టుని చూసి కాదు, అమ్మేవాడి మొహం చూసి కొంటాడు. చెట్టు కొనడం అంటే ఎక్కడైనా మాట కొనడమే. తేడా ఏమిటంటే, కడియంవాడు ఐదేళ్ళ తరవాత కూడా అక్కడే ఉంటాడు, వెళ్ళి దెబ్బలాడొచ్చు.

ఏజెంట్లు చెడగొట్టిన పేరుని కొన్ని కంపెనీలు బ్రాండుతో కొనుక్కున్నాయి. మిస్సోరీలోని స్టార్క్ బ్రదర్స్ వాళ్ళు 1893లో పళ్ళ పోటీ పెట్టారు. అయోవా రైతు జెస్సీ హయాట్ పంపిన ఆపిల్ తిని యజమాని లేచి కూర్చున్నాడు గానీ, పంపినవాడి అడ్రసు ఎక్కడో పోయింది. మరుసటి ఏడు ఆ రైతు మళ్ళీ పంపితే గానీ దొరకలేదు. ఆ చెట్టు హక్కులు కొనేసి దానికి 'డెలిషస్' అని పేరు పెట్టారు. తమాషా ఏమిటంటే, ఆ చెట్టు వరసలో లేకుండా తనంతట తను మొలిస్తే హయాట్ రెండుసార్లు నరికేశాడు, అయినా మళ్ళీ చిగురించింది. 1914లో వెస్ట్ వర్జీనియాలో ఒక పసుపుపచ్చ ఆపిల్ చెట్టుని 5,000 డాలర్లకి కొని, ఎవరూ కొమ్మ విరుచుకుపోకుండా దాని చుట్టూ అలారంతో ఇనప పంజరం కట్టించారు. అది గోల్డెన్ డెలిషస్. పంజరం ఎందుకంటే పెన్సిలంత కొమ్మ ముక్క చాలు, పక్క నర్సరీవాడు లక్ష కాపీలు తీస్తాడు. కాపీ ప్రొటెక్షన్ అంటే అప్పట్లో అదీ! ఆ తలనొప్పి చివరికి 1930లో చెట్ల పేటెంట్ చట్టం దాకా వెళ్ళింది. దానికోసం తిరిగినవాళ్ళలో ఇదే కంపెనీకి చెందిన పాల్ స్టార్క్ ముఖ్యుడు. నర్సరీలో మొక్కకి కట్టిన రేకు మీద "అంటు కట్టడం నిషిద్ధం" అన్న మాట ఎప్పుడైనా కనిపిస్తే దాని మూలం ఇది. 1913 జనవరి 1న పార్సెల్ పోస్ట్ మొదలైంది. ఏజెంటూ అక్కర్లేదు, రైలు స్టేషనూ అక్కర్లేదు, పోస్టుమాన్ గుమ్మంలో పెట్టి పోతాడు.

అన్నట్టు, మన దేశంలో చెట్ల పోస్టు ఇంతలా ఎందుకు పెరగలేదు అని ఆలోచించారా? నాకు తట్టిన కారణం పోస్టాఫీసు కాదు, చెట్టు. ఆపిల్, పీచ్, చెర్రీ చలికాలంలో ఆకులు రాల్చి నిద్రపోతాయి. ఆ నిద్రలో ఉండగా పీకి, వేళ్ళకున్న మట్టి దులిపి, తడి నాచు చుట్టి పంపినా వాటికి తెలియదు. మామిడి నిద్రపోదు. కరివేపాకూ, సపోటా, నిమ్మా అంతే, వాటికి ఏడాది పొడుగునా ఆకుంటుంది. వేరు మట్టిని వదిలితే ఆకు వాడిపోతుంది. అందుకే గోదావరి జిల్లా నర్సరీలవాళ్ళు మట్టిగడ్డతో సహా మొక్కని కట్టి లారీల్లో దేశమంతా పంపుతారు. మట్టిని పార్సెల్ చేస్తే తూకానికే బోలెడు కట్టాలి.

మన మామిడి అంటుని సముద్రం దాటించిన కథ కూడా ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ 1889లో మన దేశం నుంచి మామిడి అంట్లు తెప్పించి ఫ్లోరిడాలో రైతులకి ఇచ్చింది. వెస్ట్ పామ్ బీచ్‌లో ఎల్‌బ్రిడ్జ్ గేల్ అనే రిటైర్డ్ ప్రొఫెసర్ దగ్గర నాటినవాటిలో చివరికి నిలబడింది ఒక్కటే, 'ముల్గోబా'. పేరు చూస్తేనే తెలుస్తోంది, మన మల్గోవా. 1895 చలికి అది మొదలంటా మాడి మళ్ళీ చిగురించింది. దాని టెంకల్ని 1902లో కెప్టెన్ హేడెన్ నాటాడు. కాపు చూడకుండానే మరుసటి ఏడు పోయాడు. 1910లో కాసిన ఎర్రబుగ్గల పండుకి హేడెన్ అని పేరు. మనం స్టోర్లో తిట్టుకుంటూ కొనే పీచు మామిడి, టామీ ఆట్కిన్స్, ఈ హేడెన్ సంతానమే. ఇంత దూరం వచ్చి ఇలా అయిందేమిటి మల్గోవా అని బాధ వేస్తుంది :)

ఇప్పటిదాకా చెప్పింది సరదా భాగం. అసలు గొడవ వేరే ఉంది. పెట్టెలో చెట్టొక్కటే రాదు.

1876లో అదే ఫ్లషింగ్‌లో పార్సన్స్ అనే మరో నర్సరీ జపాన్ నుంచి చెస్ట్‌నట్ మొక్కలు తెప్పించింది. పొట్టి చెట్టు, పెద్ద కాయ, పెరటికి బాగుంటుంది. కేటలాగుల్లోకి ఎక్కింది, ఇంకా కొందరు తెప్పించారు, కట్టలు దేశమంతా వెళ్ళాయి. వాటి బెరడులో ఒక బూజు ఉంది. జపాన్ చెట్లు దానికి అలవాటు పడ్డాయి, వాటికి ఏమీ కాదు. 1904లో న్యూయార్క్ బ్రాంక్స్ జూలో హెర్మన్ మెర్కెల్ అనే ఉద్యోగి అక్కడి అమెరికన్ చెస్ట్‌నట్‌లు ఎండిపోతున్నాయని గమనించాడు. అప్పలాచియన్ కొండల్లో కొన్నిచోట్ల నాలుగు చెట్లకొకటి చెస్ట్‌నట్. కొండల్లో బీదవాళ్ళకి కాయ తిండి, పందులకి మేత, కర్ర ఇల్లు, బెరడు తోళ్ళ పరిశ్రమకి. పెన్సిల్వేనియా 1911లో ప్రత్యేకంగా కమిషన్ వేసి చెట్లు నరికించింది, ఆగలేదు. యాభై ఏళ్ళలో మూడు నాలుగు వందల కోట్ల చెట్లు పోయాయని అంచనా. ఇప్పటికీ పాత వేళ్ళనుంచి పిలకలు వస్తుంటాయి, కొంచెం ఎదగ్గానే బూజు పట్టి చస్తుంటాయి. ఆ మొక్కలు కొన్నవాళ్ళెవరూ దుర్మార్గులు కాదు. కొత్త ఇంటి పెరట్లో పొట్టి చెట్టు కావాలనుకున్నవాళ్ళు, అంతే.

1910 జనవరిలో టోక్యో నగరం కానుకగా పంపిన 2,000 చెర్రీ మొక్కలు వాషింగ్టన్ చేరాయి. వ్యవసాయ శాఖవాళ్ళు పెట్టెలు విప్పి చూస్తే నిండా పురుగులు, తెగుళ్ళు. దౌత్యపరంగా ఎంత ఇబ్బందో ఊహించండి. అధ్యక్షుడు టాఫ్ట్ ఒప్పుకున్నాక 28న అన్నిటినీ తగలబెట్టారు. జపాన్‌వాళ్ళు పెద్దమనసుతో 1912లో శుభ్రమైన 3,020 మొక్కలు మళ్ళీ పంపారు. మనం ఏటా వెళ్ళి ఫోటోలు దిగే చెర్రీ పూలు ఆ రెండో విడతవి. అదే ఏడాది ఆగస్టులో మొక్కల క్వారంటైన్ చట్టం వచ్చింది. అప్పటిదాకా ఎవరైనా ఎక్కణ్ణుంచైనా ఏ చెట్టైనా తెప్పించుకోవచ్చు, ఫెడరల్ ప్రభుత్వానికి ఆపే అధికారమే లేదు. దానికోసం ఏళ్ళ తరబడి పోరాడిన పురుగుల శాస్త్రవేత్త చార్లెస్ మార్లాట్‌ని నర్సరీ వ్యాపారులు బాగా తిట్టుకున్నారు. నా ఉద్దేశంలో ఆయన మాటే నెగ్గడం మంచిదైంది, అయితే చెస్ట్‌నట్‌కి ఆలస్యమైంది.

ఇదంతా వందేళ్ళ కిందటి మాట కదా, మనకెందుకు అంటారేమో. కరివేపాకు దగ్గరికొద్దాం.

కరివేపాకు, నిమ్మ, నారింజ, మారేడు, వెలగ, ఇవన్నీ ఒకే కుటుంబం. నిమ్మజాతి మీద వాలే సిల్లిడ్ అనే చిన్న పురుగుకి కరివేపాకు లేతచిగురంటే ప్రాణం. ఆ పురుగు ఒక బాక్టీరియాని నారింజ చెట్టుకి ఎక్కిస్తుంది. కాయ పచ్చగానే ఉండి రాలిపోతుంది, చెట్టు కొన్నేళ్ళలో చస్తుంది, మందు లేదు. పురుగు ఫ్లోరిడాలో 1998లో కనబడింది, తెగులు 2005లో. 2003-04లో ఫ్లోరిడా 242 మిలియన్ పెట్టెల నారింజ పండించింది. 2022-23లో 16 మిలియన్ లోపు. తుఫాన్లూ, రియల్ ఎస్టేటూ కొంత కారణమే, కానీ పెద్ద దెబ్బ ఈ తెగులుదే. కాలిఫోర్నియాలో పురుగు 2008లో వచ్చింది. తెగులు 2012లో మొదట దొరికింది ఏ పెద్ద తోటలోనో కాదు, లాస్ ఏంజెలెస్ దగ్గర హసియెండా హైట్స్‌లో ఒక ఇంటి పెరట్లో.

అందుకే క్వారంటైన్ ఉన్న చోట్ల నుంచి కరివేపాకు మొక్కని బయటికి పంపడానికి ఆంక్షలున్నాయి, ఇండియా నుంచి మొక్క గానీ పచ్చి ఆకు గానీ సూట్‌కేసులో తేవడానికి వీల్లేదు. మనవాళ్ళకి ఇది పట్టదు. "మా పెరట్లో పిలకలు వచ్చాయి, షిప్పింగ్ ఇస్తే పంపిస్తా" అని వాట్సాప్ గ్రూపుల్లో మెసేజులు నేను చాలాసార్లు చూశాను. పంపేవాళ్ళది మంచి మనసే, సందేహం లేదు. చిగురు మధ్యలో ఉన్న గుడ్డు కంటికి ఆనదు, అదీ సమస్య. నేను గ్రూపులో ఈ మాట అంటే "ఒక్క మొక్కతో కొంప మునుగుతుందా" అన్నారొకరు. చెస్ట్‌నట్ సంగతి రాస్తే "లైట్ తీసుకో బ్రదర్" అన్నారు. కాలిఫోర్నియా, ఫ్లోరిడా, టెక్సస్‌లలో ఉన్నవాళ్ళయినా కనీసం పక్కింటివాడి నిమ్మచెట్టు వంక చూసి ఆలోచించాలి. ఆ చెట్టు చచ్చిపోతే అతను మన గ్రూపులో లేడు.

కాబట్టి నన్నడిగితే చెప్పేది ఇంతే. ఆపిల్, పీచ్, చెర్రీ, దానిమ్మ లాంటి ఆకురాల్చే చెట్లు చలికాలంలో ఆన్‌లైన్లో తెప్పించుకోండి. వాటిని బేర్ రూట్ అంటారు. కుండీ మొక్కకంటే చవక, రకాలెక్కువ, ఆ నర్సరీకి లైసెన్సూ తనిఖీ సర్టిఫికెట్టూ ఉన్నాయో లేదో చూసుకోండి. రాగానే వేళ్ళు కొన్ని గంటలు నీళ్ళలో ఉంచి, ఆ రోజో మర్నాడో నాటెయ్యండి. మీ ఊరి చలికీ వేడికీ ఆ రకం ఆగుతుందో లేదో మాత్రం ఊళ్ళో నర్సరీ ముసలాయన్నే అడగాలి, జెఫర్సన్ అడగలేదు. నిమ్మ, నారింజ, కరివేపాకు మాత్రం మీ రాష్ట్రంలోనే, పురుగు దూరని జాలీగదుల్లో పెంచి రేకు కట్టి అమ్మేచోట కొనండి. ముప్ఫయ్యో నలభయ్యో డాలర్లవుతుంది. కరివేపాకు మొక్కకి అంతా అని ఇండియా రేటుతో గుణించుకోకండి.